మన క్లబ్ గురించి వాదించాలంటే

ఓడిపోయిన రాత్రి అభిమానులు పెట్టుకునే వాదనల్లో సగం అసలు వాదనలే కావు. ఒకరు ఆటగాడి గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు కోచ్ గురించి, మూడో మనిషి యజమాని గురించి. అందరి నోటా వచ్చేది "మన టీమ్ ఇంతే" అన్న మాటే కాబట్టి, ఒకే విషయం మాట్లాడుకుంటున్నామని అనుకుంటారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నేను ఆర్సెనల్ మనిషిని. మా తమ్ముడు టాటెన్‌హామ్. రెండూ ఉత్తర లండన్ క్లబ్‌లే, అంటే ఆ వైరం మొత్తం మా ఇంట్లోనే ఉంది. ఇన్నేళ్ళుగా వాడితోనూ, నా సొంత క్లబ్ అభిమానులతోనూ వాదించి వాదించి నాకంటూ ఏర్పరచుకున్న పద్ధతి ఇది. ఏ క్లబ్ వాళ్ళకైనా పనికొస్తుంది. ఉదాహరణలు మాత్రం ఎక్కువగా ఆర్సెనల్‌వే ఇస్తాను. నాకు బాగా తెలిసిందీ, నేను ప్రాణంగా చూసుకునేదీ ఆ క్లబ్బే.

ముందు తేల్చుకోవాల్సింది: అది ఎవరి పని?

క్లబ్‌లో డబ్బు ఇచ్చేది యజమాని. ఎవరిని కొనాలో చూసేది స్పోర్టింగ్ డైరెక్టర్, ఆయన కింద ఆటగాళ్ళను వెతికే స్కౌట్లు. ఎవరిని ఎక్కడ ఆడించాలో నిర్ణయించేది కోచ్. మైదానంలో ఆడేది ఆటగాడు. తప్పు జరిగినప్పుడు మనకు కనిపించేది మాత్రం ఆ చివరి మనిషి ఒక్కడే. అందుకే తిట్లన్నీ అతని మీదే పడతాయి.

నికోలా పెపె సంగతి చూడండి. 2019 ఆగస్టులో లీల్ క్లబ్ నుంచి 7.2 కోట్ల పౌండ్లకు వచ్చాడు. అప్పటికి అది ఆర్సెనల్ చరిత్రలోనే అత్యధిక ధర. అంతకు ముందు సీజన్‌లో ఫ్రెంచ్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టిన కుర్రాడు. ఇక్కడ ఆ స్థాయిలో ఎప్పుడూ కుదురుకోలేదు. నాలుగేళ్ళ తర్వాత ఒప్పందం రద్దయి, క్లబ్‌కు పైసా రాకుండా వెళ్ళిపోయాడు. అతను బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ "72 మిలియన్లు!" అని అరిచేవాళ్ళు. ఆ ధర పెపె పెట్టుకున్నది కాదు. కోచ్ ఉనాయ్ ఎమెరీ పెట్టిందీ కాదు. తాను అడిగింది క్రిస్టల్ ప్యాలెస్ ఆటగాడు విల్‌ఫ్రెడ్ జాహాను అని ఎమెరీ ఆ తర్వాత బయటికే చెప్పాడు. అంటే ధర తన చేతిలో లేని ఆటగాడినీ, తాను కోరుకోని ఆటగాడిని అందుకున్న కోచ్‌నీ మనం ఏళ్ళ తరబడి తిట్టాం. కొన్నవాళ్ళను అడగాల్సిన ప్రశ్న మరుగున పడిపోయింది.

అందుకని వాదన వేడెక్కేలోపే ఎదుటివారిని ఒక్క మాట అడగండి: "నువ్వంటున్నది అతను బాగా ఆడలేదనా, అతన్ని అక్కడ ఆడించడం తప్పనా, అసలు కొనడమే తప్పనా?" చాలాసార్లు ఇద్దరూ ఒకే అభిప్రాయంతో ఉన్నారని అక్కడే తేలిపోతుంది. తేలకపోతే కనీసం ఇద్దరూ ఒకే విషయం మీద నిలబడి వాదిస్తారు.

ఆటగాడి గురించి

బంతిని మాత్రమే చూస్తే ఆటగాడు సగమే కనిపిస్తాడు. 90 నిమిషాల మ్యాచ్‌లో ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలు, అంతే. మిగతా సమయమంతా అతను ఎక్కడ నిలబడ్డాడు, ఎవరిని లాక్కుని వెళ్ళాడు, బంతి పోయిన వెంటనే ఎటు పరిగెత్తాడు అన్నదే ఆట. మీరు ఎవరి గురించి గట్టిగా మాట్లాడాలనుకుంటున్నారో ఆ ఆటగాడిని ఒక పావుగంట పాటు, బంతిని వదిలేసి, అతన్నే చూడండి. టీవీలో కష్టమే, కెమెరా బంతి వెంటే పోతుంది. అయినా గోల్ కిక్‌ల దగ్గర, కార్నర్ల దగ్గర, త్రో ఇన్‌ల దగ్గర ఫ్రేమ్ విశాలంగా ఉంటుంది. అప్పుడు పట్టుకోవచ్చు. మ్యాచ్ ముగిశాక హైలైట్స్ చూసి ఆటగాడి మీద తీర్పు చెప్పే మనిషితో నేను వాదించను. డిఫెన్స్ ముందు నిలబడి ఎదుటి దాడులు ఆపే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ అనేవాడు హైలైట్స్‌లో ఉండడు.

ఇక పాత్ర మారితే మనిషే మారినట్టు కనిపిస్తాడు. దీనికి మా మిడ్‌ఫీల్డర్ గ్రానిట్ జాకాను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2019 అక్టోబర్ 27న క్రిస్టల్ ప్యాలెస్‌తో సొంత మైదానంలో మ్యాచ్. కెప్టెన్ జాకాను మధ్యలో బయటికి పిలిచారు. నెమ్మదిగా నడుస్తున్నాడని మన స్టేడియమే అతన్ని గేలి చేసింది. అతనూ జనం వైపు చేతులు ఊపి, చొక్కా విప్పేసి, తిన్నగా డ్రెస్సింగ్ రూమ్‌కు పోయే సొరంగంలోకి వెళ్ళిపోయాడు. కొద్ది రోజుల్లో కెప్టెన్సీ పోయింది. తన భార్యను చంపుతామనీ, కూతురికి జబ్బు రావాలనీ జనం రాస్తున్న రాతలు తనను ఎంత కుంగదీశాయో అతనే బయటపెట్టాడు.

అదే జాకాను ఎమెరీ తర్వాత వచ్చిన కోచ్ మికెల్ ఆర్టెటా 2022–23లో కాస్త ముందుకు జరిపి, ఎడమ వైపు పెనాల్టీ బాక్స్‌లోకి వెళ్ళే మిడ్‌ఫీల్డర్‌గా ఆడించాడు. ఆ సీజన్ లీగ్‌లో 7 గోల్స్. అంతకు ముందు డిఫెన్స్ ముందు ఒంటరిగా నిలబడి, వెనక్కి తిరిగి పరిగెత్తాల్సి వచ్చినప్పుడు అతని వేగం చాలేది కాదు, ఫౌల్స్ చేసేవాడు, కార్డులు తినేవాడు. మనిషి అదే, కాళ్ళు అవే. చేయమన్న పని మారింది. 2023 వేసవిలో జర్మన్ క్లబ్ లెవర్‌కూసెన్‌కు వెళ్ళి, ఆ జట్టు 28 గెలుపులు, 6 డ్రాలతో ఒక్కటి కూడా ఓడకుండా జర్మన్ లీగ్ బుందెస్‌లీగా గెలిస్తే, దాని మధ్యలో నిలబడ్డది జాకాయే. కాబట్టి "వాడు పనికిరాడు" అనే ముందు "ఈ పనికి పనికిరాడా, ఏ పనికీ పనికిరాడా?" అని విడదీసి చూడండి. ఆటగాడి గురించి వాదించేటప్పుడు ఇంతకంటే విలువైన ప్రశ్న ఇంకోటి లేదంటాను.

అంకెలు వాడండి, కానీ ఏ అంకె దేనికో తెలుసుకుని వాడండి. మొత్తం గోల్స్ కంటే 90 నిమిషాలకు ఎన్ని అన్నది మేలు. 900 నిమిషాలు ఆడి 5 గోల్స్ కొట్టినవాడి లెక్క 0.5. 2,700 నిమిషాలు ఆడి 9 కొట్టినవాడిది 0.3. పట్టికలో రెండోవాడే పైన కనిపిస్తాడు. అలాగని మొదటివాడే గొప్ప అనెయ్యడానికీ లేదు, అలసిపోయిన డిఫెండర్ల మీద చివర్లో వచ్చి ఆడేవాడి లెక్క ఎప్పుడూ కొంచెం తియ్యగానే ఉంటుంది. ఎక్స్‌జీ అంటే ఆ చోటు నుంచి, ఆ పరిస్థితిలో కొట్టిన షాట్ గోల్ అయ్యే అవకాశం ఎంత అన్న అంచనా. పెనాల్టీకి అది సుమారు 0.78. అంటే వంద పెనాల్టీలు కొడితే 78 దాకా లోపలికి పోతాయని. ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీ చూపించి "మనమే గెలవాల్సింది" అనడం బలహీనమైన వాదన. పది, పదిహేను మ్యాచ్‌ల వరస చూపిస్తే అప్పుడు వినాల్సిందే.

కొత్తగా వచ్చిన ఆటగాడికి కొంత సమయం ఇవ్వాలని అందరూ అంటారు. ఎంత సమయమో ఎవరూ చెప్పరు. నా లెక్క, వేరే క్లబ్ నుంచి కొత్త పాత్రలోకి వచ్చినవాడికి సగం సీజన్. కై హావర్ట్స్ 2023లో చెల్సీ నుంచి వచ్చి మిడ్‌ఫీల్డ్‌లో తడబడుతుంటే, డబ్బులు దండగని తేల్చేశారు. సెప్టెంబర్ చివర్లో బోర్న్‌మత్ మీద సహచరులే బంతి చేతిలో పెట్టి పెనాల్టీ కొట్టించారు. అదే అతని మొదటి గోల్. సీజన్ రెండో సగంలో స్ట్రైకర్ అయ్యాడు, లీగ్‌లో మొత్తం 13 గోల్స్‌తో ముగించాడు. అక్టోబర్‌లో అతన్ని తీసిపారేసినవాళ్ళు చూసింది నిజమే. అది అప్పటికి చాలా కొంచెం.

మ్యాచ్‌కు ముందే మాట ఇవ్వండి

మా తమ్ముడికీ నాకూ మధ్య ఒక నియమం ఉంది. సీజన్ మొదట్లో, పెద్ద మ్యాచ్‌ల ముందు, ఏమనుకుంటున్నామో రాసి ఒకరికొకరు పంపుకుంటాం. "ఈ లెఫ్ట్ బ్యాక్ (ఎడమ వైపు డిఫెండర్) వద్దు" లాంటి మాట చెల్లదు. "పై నుంచి గట్టిగా ప్రెస్ చేసే, అంటే బంతి ఉన్నవాడి మీదికి దూసుకొచ్చే జట్లతో ఆడినప్పుడు ఈ లెఫ్ట్ బ్యాక్ సొంత సగంలోనే బంతి పోగొడతాడు, రాబోయే ఐదారు మ్యాచ్‌ల్లో చూడు" అంటే చెల్లుతుంది. పక్కనే ఇంకో వాక్యం కూడా ఉండాలి: ఏం జరిగితే నేను నా మాట వెనక్కి తీసుకుంటాను? ఆ రెండో వాక్యం రాయలేకపోతున్నామంటే మన దగ్గర ఉన్నది అభిప్రాయం కాదు, కోపం. కోపం తప్పేమీ కాదు, ఓడిన రాత్రి నాకూ తన్నుకొస్తుంది. దాన్ని వాదన అని పిలవకుండా ఉంటే చాలు.

ఇలా రాసుకోవడంలో పెద్ద లాభం, ఫలితం వచ్చాక అందరికీ వచ్చే జ్ఞానం నుంచి తప్పించుకోవచ్చు. 88వ నిమిషంలో డిఫెండర్‌ను దించి ఆధిక్యం కాపాడుకోవాలని కోచ్ చూశాడు, 93లో గోల్ పడింది. "పిరికి నిర్ణయం" అంటాం. గోల్ పడకపోతే "తెలివైన నిర్ణయం" అనేవాళ్ళం. మార్పు చేసిన క్షణంలో మీరేమన్నారో అదే మీ అభిప్రాయం. అప్పుడు ఏమీ అనకపోతే ఇప్పుడు కొంచెం నెమ్మదిగా మాట్లాడటం న్యాయం.

రెఫరీ గురించి తక్కువ మాట్లాడండి

ఇందులో ఎక్కువ సేపు గడపకండి. ఇంగ్లండ్ అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో వీఏఆర్, అంటే వీడియో చూసి రెఫరీకి చెప్పే సహాయకుల ఏర్పాటు, 2019–20 నుంచి ఉంది. అప్పటి నియమం ప్రకారం అది కలగజేసుకోవాల్సింది నాలుగు సందర్భాల్లోనే: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరి బదులు ఇంకొకరికి కార్డు చూపించడం. ఇది తెలియకుండా "వీఏఆర్ ఎందుకు చూడలేదు" అని త్రో ఇన్ కోసం గొడవపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

2023 సెప్టెంబర్ 30న టాటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్‌లో లూయిస్ డియాస్ కొట్టిన గోల్ సరైనదే అయినా ఆఫ్‌సైడ్ అని పోయింది. మా తమ్ముడి జట్టు 2–1తో గెలిచింది. నేను కుట్ర అన్నాను, వాడు కాదన్నాడు. తర్వాత వీఏఆర్ గదిలో మాట్లాడుకున్న ఆడియో విడుదలైంది. గీతలు సరిగ్గానే గీశారు, ఆటగాడు ఆన్‌సైడే అని వాళ్ళకు కనిపించింది కూడా. మైదానంలో గోల్ ఇచ్చారనుకుని "చెక్ పూర్తయింది" అనేశారు, ఆట మళ్ళీ మొదలైపోయింది. అంటే తప్పు మాట అందజేయడంలో జరిగింది. రెఫరీ మీద వాదన అక్కరకు రావాలంటే ఇలా ఎక్కడ, ఏ మెట్టు దగ్గర తప్పు జరిగిందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే వదిలేసి, మనవాళ్ళు పోగొట్టుకున్న అవకాశాల గురించి మాట్లాడుకోవడం మంచిది.

ప్రత్యర్థితో

ప్రత్యర్థి క్లబ్ చరిత్ర వాళ్ళకంటే బాగా తెలుసుకోండి. "మీకు కప్పులేవిరా" అని నేను చిన్నప్పుడు మా తమ్ముణ్ణి ఊరికే ఏడిపించేదాన్ని. వాడు ఒకరోజు నోటితో లెక్క అప్పజెప్పాడు: 1960–61లో లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచి, 20వ శతాబ్దంలో ఆ పని చేసిన మొదటి ఇంగ్లిష్ క్లబ్ టాటెన్‌హామ్. 1963లో కప్ విన్నర్స్ కప్‌తో యూరప్ ట్రోఫీ తెచ్చిన మొదటి బ్రిటిష్ క్లబ్ కూడా అదే. ఆ తర్వాత వాడు 1919 దగ్గరికి వచ్చాడు. మొదటి డివిజన్‌ను పెంచినప్పుడు, రెండో డివిజన్‌లో పై రెండు స్థానాల్లో కూడా లేని ఆర్సెనల్‌ను ఓటింగ్ ద్వారా పైకి తీసుకుని, టాటెన్‌హామ్‌ను కిందికి దింపారు. "అక్కా, ఇప్పుడు చెప్పు" అన్నాడు. చెప్పడానికేమీ లేదు, అది వాళ్ళ న్యాయమైన ఫిర్యాదు. ఒప్పుకున్నాను. అందుకే, లీగ్ టైటిల్‌ను 1971లోనూ 2004లోనూ వాళ్ళ మైదానంలోనే ఖాయం చేసుకున్నామని నేను గుర్తుచేసినప్పుడు వాడూ నోరెత్తడు. ఎదుటివాడి నిజాన్ని మనం ఒప్పుకుంటేనే మన నిజానికి బరువు వస్తుంది.

సోల్ క్యాంప్‌బెల్ విషయం మాత్రం మా ఇంట్లో ఇంకా నలుగుతూనే ఉంది. టాటెన్‌హామ్ కెప్టెన్, 2001లో ఒప్పందం ముగిశాక ఆ క్లబ్‌కు పైసా రాకుండా ఆర్సెనల్‌కు వచ్చేశాడు. మా వాడికది ద్రోహం. నాకు, ఒప్పందం ముగిసిన ఉద్యోగి తనకు నచ్చిన చోటికి వెళ్ళడం. ఈ వాదన ఎప్పటికీ తేలదు. తేలనక్కరలేదు కూడా. ఇలాంటివి ఏవో ముందే గుర్తించి పెట్టుకోండి. ఇవి ఏడాదికోసారి సరదాగా తీసి మాట్లాడుకోవాల్సినవి, గెలవాల్సినవి కావు. కాకపోతే క్యాంప్‌బెల్ రంగు మీదా, వ్యక్తిగత జీవితం మీదా స్టేడియంలో పాడిన పాటలు వేరే సంగతి. వాటిని మా తమ్ముడు ఏనాడూ సమర్థించలేదు.

గీత అక్కడే గీయాలి. 1958లో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ప్రయాణిస్తున్న విమానం మ్యూనిక్‌లో ప్రమాదానికి గురై 23 మంది పోయారు. 1985లో హేజెల్ స్టేడియంలో 39 మంది, 1989 హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట వల్ల 97 మంది. వీటి మీద పాటలు కట్టేవాళ్ళు అన్ని పెద్ద క్లబ్‌లకూ ఉన్నారు. మన వైపు ఎవరైనా ఆ మాట తెస్తే ప్రత్యర్థి అభ్యంతరం చెప్పేదాకా ఆగకూడదు, మనమే ఆపాలి. ఇందులో "సరదాకి" అన్న సమాధానం లేదు.

2021 జూలై 11న యూరో ఫైనల్ షూటౌట్‌లో ఇంగ్లండ్‌కు ఆడుతున్న ఆర్సెనల్ కుర్రాడు బుకాయో సాకా పెనాల్టీ పోయింది. వయసు 19. అతని మీదా, పెనాల్టీలు పోగొట్టిన సహచరులు రాష్‌ఫోర్డ్, సాంచోల మీదా జాత్యహంకార దూషణ విరుచుకుపడింది. ఆగస్టులో ఆర్సెనల్ ఒక స్నేహపూర్వక మ్యాచ్ కోసం టాటెన్‌హామ్ స్టేడియంకు వెళ్ళింది. అక్కడ ఆ క్లబ్ అభిమానులు, ఉత్తర లండన్ బుకాయో సాకా వెంట నిలబడుతుందని బ్యానర్ కట్టారు, అతను మైదానంలోకి వస్తుంటే చప్పట్లు కొట్టారు. నేను ఆ క్లబ్‌ను ఎన్నటికీ ఇష్టపడలేను. ఆ చప్పట్లను మాత్రం మర్చిపోలేదు.

కోచ్‌ను ఉంచాలా, పంపాలా

అన్నిటికంటే వేడిగా సాగేది ఇదే, గందరగోళం ఎక్కువగా ఉండేదీ ఇందులోనే. ఎందుకంటే ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోతాయి. ఇప్పటిదాకా అతను చేసింది ఎంత గొప్పది? రేపటి నుంచి అతనే సరైనవాడా? మొదటిదానికి జవాబుగా చెప్పాల్సింది రెండోదానికి చెప్పేస్తాం.

మా పాత కోచ్ ఆర్సెన్ వెంగర్ చివరి సంవత్సరాల్లో మా అభిమానులు రెండుగా చీలిపోయారు. ఉండాలన్నవాళ్ళు చెప్పినవి నిజాలే. మూడు లీగ్ టైటిళ్ళు, అందులో 2003–04లో 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి సున్నా. 1996–97 నుంచి 2015–16 దాకా వరుసగా ప్రతి సీజన్ మొదటి నాలుగు స్థానాల్లోనే. మధ్యలో 2006లో సుమారు 39 కోట్ల పౌండ్ల ఖర్చుతో కొత్త స్టేడియంలోకి మారాం, ఆ అప్పు తీరుస్తూ మంచి ఆటగాళ్ళను అమ్ముకుంటూ ఆ స్థానాలు నిలబెట్టాడు. 2012లో వాన్ పెర్సీని మాంచెస్టర్ యునైటెడ్‌కు ఇచ్చేశాం, ఆ సీజన్ అతని 26 గోల్స్‌తో వాళ్ళు టైటిల్ గెలిచారు. పోవాలన్నవాళ్ళు చెప్పినవీ నిజాలే. అప్పు భారం తగ్గాక కూడా డిఫెన్స్‌లో అవే తప్పులు, పెద్ద జట్ల మైదానాల్లో అవే ఓటములు, 2016–17లో ఐదో స్థానం, ఆ తర్వాత ఆరు. ఒకరు గతానికి లెక్క చెబుతున్నారు, ఇంకొకరు భవిష్యత్తుకు. ఇద్దరూ ఒకరినొకరు ద్రోహులన్నారు. ఆ రోజుల్లో నేను పోవాలనే అన్నాను, ఆ మనిషిని ఇప్పటికీ దేవుడిలా చూస్తాను. రెండూ ఒకే మనసులో ఉండొచ్చు.

మా తమ్ముడికి 2025లో ఇదే వచ్చింది. మే 21న టాటెన్‌హామ్ కోచ్ ఆంజ్ పోస్టెకోగ్లూ యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూరోపా లీగ్ గెలిపించాడు. 2008 తర్వాత ఆ క్లబ్‌కు అదే మొదటి ట్రోఫీ. అదే సీజన్ లీగ్‌లో 22 ఓటములు, 20 జట్లలో 17వ స్థానం. జూన్ 6న తీసేశారు. వాడు ఫోన్ చేసి, "అక్కా, కప్పు తెచ్చినవాణ్ణి ఎవరైనా పంపిస్తారా?" అన్నాడు. "వచ్చే ఆగస్టులో ఆ జట్టును నడిపేది ఎవరైతే బాగుంటుందో చెప్పు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

ఓపిక పట్టాలనేవాళ్ళు ఎప్పుడూ మాంచెస్టర్ యునైటెడ్ కోచ్‌గా పనిచేసిన అలెక్స్ ఫెర్గూసన్ పేరు తెస్తారు. 1986లో వచ్చి, 1990లో మొదటి కప్పు, 1992–93లో మొదటి లీగ్. మావాళ్ళు ఆర్టెటా పేరు తెస్తారు: మొదటి రెండు సీజన్లూ ఎనిమిదో స్థానం, తర్వాత ఐదు, ఆ తర్వాత వరసగా మూడుసార్లు రెండు. ఈ ఉదాహరణలు ఓపిక ఫలిస్తుందని నిరూపించవు. ఫలించవచ్చని మాత్రమే చూపిస్తాయి, ఎందుకంటే ఓపిక పట్టి మునిగిన క్లబ్‌ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. అందుకని పట్టికలో స్థానం పక్కన పెట్టి ఇవి అడగండి: ఆటగాళ్ళ సగటు వయసు తగ్గుతోందా, పెరుగుతోందా? ఏ కుర్రాడైనా ఇతని చేతిలో మెరుగుపడ్డాడా? బంతి పోయినప్పుడు జట్టు ఏం చేయాలో పదకొండు మందికీ తెలిసినట్టుందా? ఎనిమిదో స్థానంలో ఉన్నప్పుడే ఆర్టెటా దగ్గర సాకా, స్మిత్ రో ఎదుగుతున్నారు, పెద్ద జీతాల వయసు మళ్ళిన ఆటగాళ్ళు ఒక్కొక్కరే బయటికి వెళ్తున్నారు. అవి చూసినవాళ్ళకు ఓపిక పట్టడానికి కారణం దొరికింది. అవేవీ లేనిచోట ఓపిక పట్టమనడం సులువు కాదు.

డబ్బు లెక్క రాకుండా యజమానిని తిట్టకండి

"ఖర్చు పెట్టడెందుకు?" అనే ముందు రెండు విషయాలు తెలిసుండాలి. ఒకటి, ఆటగాడి ధర పుస్తకాల్లో ఒప్పందం సంవత్సరాల మీద పంచి రాస్తారు. 6 కోట్ల పౌండ్లకు ఐదేళ్ళ ఒప్పందం మీద కొంటే, ఏడాదికి 1.2 కోట్లు. అమ్మినప్పుడు మిగిలిన విలువ పోను వచ్చిందంతా లాభం. అకాడమీలో పెరిగిన కుర్రాడికి కొన్న ధరే లేదు కాబట్టి, అమ్మితే దాదాపు మొత్తం లాభమే. స్మిత్ రోను 2024లో ఫుల్‌హామ్‌కు ఇచ్చినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది, పదేళ్ళ వయసు నుంచి మన దగ్గర పెరిగిన పిల్లాడు. ఆ నిర్ణయాన్ని నేను సమర్థించను. ఎందుకు చేశారో మాత్రం ఈ లెక్కలో కనిపిస్తుంది.

రెండు, నష్టాలకు హద్దు. ప్రీమియర్ లీగ్ లాభాల నియమం కింద మూడేళ్ళకు 10.5 కోట్ల పౌండ్ల నష్టం దాకానే అనుమతి ఇచ్చారు. అది దాటినందుకు ఎవర్టన్‌కు 2023 నవంబర్‌లో 10 పాయింట్లు కోశారు, అప్పీల్ తర్వాత అది 6 అయింది, అదే సీజన్‌లో మరో 2 పోయాయి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4. కాబట్టి యజమాని జేబు లోతుగా ఉన్నంత మాత్రాన పని జరగదు. ఇది తెలుసుకున్నాక కూడా యజమానిని అడగాల్సినవి చాలా మిగులుతాయి: ఉన్న డబ్బును ఎవరి సలహా మీద పెట్టారు, టికెట్ ధర ఎందుకు పెంచారు, అభిమానులను అడిగారా?

బదిలీ పుకార్ల గురించి ఒక్క మాట. ఆటగాడి ఏజెంట్‌కు లాభం ఉన్న వార్త, ముఖ్యంగా ఒప్పందం ముగియబోతున్న ఏడాదిలో వచ్చే వార్త, క్లబ్ ప్రకటించేదాకా వాదనకు పనికిరాదు.

యాజమాన్యంతో నిజంగా తలపడాల్సి వస్తే

ఇక్కడ మాత్రం క్లబ్‌ల గీతలు చెరిపేయండి. 2021 ఏప్రిల్ 18 రాత్రి యూరప్ పెద్ద క్లబ్‌లు కొన్ని తమకంటూ సూపర్ లీగ్ ప్రకటించినప్పుడు అందులో ఆర్సెనల్ ఉంది, టాటెన్‌హామ్ ఉంది. ఆ రాత్రి నేనూ మా తమ్ముడూ జీవితంలో మొదటిసారి ఒకే వైపు నిలబడి గంటల తరబడి మాట్లాడుకున్నాం. ఎవరి జట్టు ఎలా ఆడినా కిందికి పడిపోని లీగ్ ఇద్దరికీ అక్కర్లేదు. చెల్సీ అభిమానులు రోడ్డు మీదికి వచ్చారు. 20వ తేదీ రాత్రికల్లా ఆరు ఇంగ్లిష్ క్లబ్‌లూ బయటికి వచ్చేశాయి.

కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ అభిమానులదీ అలాంటి పట్టుదలే. 2020లో ఏటీకే అనే ఇంకో క్లబ్‌తో విలీనంతో క్లబ్ పేరు ముందు ఏటీకే వచ్చి చేరింది. ఆ మూడక్షరాలు తీసేయండి, ఇంతే వాళ్ళ డిమాండ్. గెలిచినా అదే అడిగారు, ఓడినా అదే. 2023లో జట్టు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన రాత్రే యజమాని ఆ పేరు తీసేస్తున్నట్టు ప్రకటించాడు.

ఈ రెండింటిలోనూ అడిగింది ఒక్కటే, ఎవరిని అడుగుతున్నారో స్పష్టం, అవునో కాదో చెప్పక తప్పని ప్రశ్న. "యాజమాన్యం దిగిపోవాలి" అనే నినాదానికి యజమాని జవాబే చెప్పనక్కరలేదు. మీ అభిమానుల సంఘంలో కూర్చుని ఉత్తరం రాస్తుంటే ఒకే కోరిక, ఒకే అంకె పెట్టండి. మిగతా ఫిర్యాదులన్నీ ఇంకో కాగితానికి ఉంచండి. లివర్‌పూల్ అభిమానులు 2016లో చేసింది అదే. కొత్త స్టాండ్‌లో అత్యధిక టికెట్ ధర 77 పౌండ్లు అని ప్రకటించారు. ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్‌లో, 2–0తో ముందున్న సమయంలో, సరిగ్గా 77వ నిమిషంలో వేల మంది లేచి బయటికి నడిచారు. మ్యాచ్ 2–2 అయింది. నాలుగు రోజులకు యజమానులు క్షమాపణ చెప్పి, అత్యధిక ధరను 59 పౌండ్ల దగ్గరే ఆపేశారు.